ఇంట్లో నింపిన కాగితం

"ఎవరు పోయారని ఆ నిట్టూర్పు? ఇంటికి అరిష్టం!"

ఈ మాట అన్న అత్తగారు పోయి మూడేళ్ళయింది. అయినా ఉతికిన బట్టలు మడతపెడుతూ కోడలు కాస్త గట్టిగా ఊపిరి వదలబోతే చాలు, ఆ గొంతు వీపు వెనకే వినిపిస్తుంది. ఆమె ఊపిరిని సగంలోనే మింగేస్తుంది. చచ్చి సాధించడమంటే ఇదే కాబోలు. మనిషి పోయింది గానీ కాపలా పోలేదు.

విడ్డూరమేమిటంటే, ఆ కోడలి ఉద్యోగమే ఊపిరి కొలవడం. ఆస్పత్రిలో అందరూ ఆమెను ఊపిరి మేడమ్ అంటారు. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉండి, ఎక్స్‌రేలో ఏ జబ్బూ కనిపించక, అయినా ఊపిరాడటం లేదని వచ్చేవాళ్ళంతా ఆమె గదికే వస్తారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. వెంట "ఏం లేదండీ, అంతా వేషం" అంటూ ఒక మొగుడో కొడుకో. వాళ్ళను బయటికి పంపి, రోగిని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనకనుంచి రెండు అరచేతులూ కింది పక్కటెముకల మీద ఆనిస్తుంది. అవి విచ్చుకుంటున్నాయా, ఉత్త భుజాలే లేస్తున్నాయా అన్నది చేతికి తెలిసిపోతుంది. తర్వాత పదహారు ప్రశ్నల కాగితం. ఛాతీ బిగిసినట్టుంటుందా, వేళ్ళు తిమ్మిరెక్కుతాయా, లోతుగా ఊపిరి అందడం లేదా... మార్కులు ఇరవై మూడు దాటితే ఊపిరి తీసుకునే తీరు దారి తప్పిందని అనుమానించాలి.

ఆ నెలలో పెద్ద డాక్టరుగారికి ఆ కాగితాన్నే పరీక్షించాలన్న బుద్ధి పుట్టింది. ఒకే మనిషి వారం తేడాతో రెండుసార్లు నింపితే మార్కులు ఇంచుమించు ఒకటే రావాలి. అప్పుడే అది నమ్మదగ్గ కొలత. ముందు సిబ్బందితోనే మొదలుపెట్టారు. ఆమె మొదటిసారి తన గదిలో, ఫ్యాను కింద కూర్చుని నింపింది. తొమ్మిది. రెండోసారి పని తెమలక కాగితం ఇంటికి పట్టుకెళ్ళి, పొయ్యి దగ్గర నిలబడి, ఒక చెవి వీధి తలుపు మీద వేసి నింపింది. ముప్ఫై ఏడు.

శనివారం పొద్దున్న డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నవ్వారు. "ఏంటమ్మా ఇది? ఇరవయ్యేళ్ళ సర్వీసు నీది. ఇంటికెందుకు పట్టుకెళ్ళావు? రెండోది తీసేద్దాంలే, లెక్క పాడవుతుంది."

"తీసెయ్యండి సార్," అంది. ఇంట్లో అలవాటైన జవాబే అది.

గదిలోకి రాగానే, మార్కుల సంగతి విన్న జూనియర్ పిల్ల ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక చేరి చేతులు ఆనించింది. "ఇక్కడ బాగానే ఉంది కదక్కా! శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. మరి ఇంట్లో ఏమవుతోంది?"

"ఏమవుతుందే? మా ఆయన మంచివాడే. తాగడు, కొట్టడు, పల్లెత్తు మాటనడు."

"అవేవీ నేనడగలేదే."

నిజమే, ఏమీ అనడు. గిన్నె మూత ఎత్తి చూసి మళ్ళీ పెట్టేస్తాడు. ఆపైన మూడు రోజులు మాట్లాడడు. తప్పేమిటో చెప్పడు. ఇల్లాలే వెతుక్కోవాలి. ఉప్పు తగ్గిందా, చొక్కా బొత్తాం ఊడిందా, అతని చెల్లెలు ఫోన్ చేస్తే సరిగ్గా పలకలేదా? పంతొమ్మిదేళ్ళ కూతురు కూడా ఇప్పుడు పుస్తకం మూసి వెతకడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అత్తగారు మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు కాదు, భుజాలు. మామగారు వచ్చే వేళకు ఆవిడ మాట్లాడుతున్న మాట సగంలో ఆగేది. భుజాలు చెవుల దాకా లేచి అక్కడే ఉండిపోయేవి. పెద్దావిడ ఠీవి అనుకునేది కోడలు. వేలమంది వీపుల మీద చేతులు పెట్టింది గానీ, ఒకే ఇంట్లో పద్దెనిమిదేళ్ళు ఉండి ఆ ఒక్క వీపు మీద పెట్టలేదు. నిట్టూర్చొద్దని అరిచిన ఆ మనిషి ఒక్కనాడైనా నిట్టూర్చగా కోడలు వినలేదు. అయ్యో పిచ్చి తల్లీ అనుకుంది. కోపం, జాలి కలిసి కళ్ళు మండాయి.

ఇల్లు చేరేసరికి కూతురు బల్ల దగ్గర చదువుకుంటోంది.

"అటు తిరుగు, నీ ఊపిరి కొలుస్తాను."

"అమ్మా! గిలిగింతలు!" ఆ పిల్ల మెలికలు తిరుగుతూ నవ్వింది. అరచేతుల కింద పక్కటెముకలు హాయిగా విచ్చుకున్నాయి. తల్లి ప్రాణం కుదుటపడింది.

అప్పుడే వీధి తలుపులో తాళంచెవి తిరిగింది.

చేతుల కింద అంతా ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు... అతను వచ్చాడు. చెప్పులు విప్పాడు. వంటగదిలో గిన్నె మూత ఎత్తి పెట్టిన చప్పుడు. పదకొండు, పన్నెండు... పిల్ల భుజాలు మెల్లగా చెవుల వైపు లేస్తున్నాయి. ఆ పిల్లకు తెలియదు. తల్లి చేతులకు తెలుస్తోంది. అతను తన గదిలోకి వెళ్ళాక పంతొమ్మిదో అంకె దగ్గర ఊపిరి బయటికొచ్చింది, చప్పుడు లేకుండా.

తల్లి చేతులు తీసింది.

"బ్యాగు సర్దుకో," అంది. "పిన్ని వాళ్ళింటికి వెళ్దాం."

"ఇప్పుడా? ఎన్నాళ్ళు?"

"ముందు వారం. అక్కడ నిన్ను మళ్ళీ కొలవాలి. నన్నూ."

అల్మారా తలుపుల చప్పుడుకు అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బ్యాగు చూశాడు, భార్యను చూశాడు. ముఖంలో నిజంగానే ఆశ్చర్యం.

"ఏమైందిప్పుడు? నేనేమన్నా అన్నానా?"

"లేదండీ, ఏమీ అనలేదు," అందామె. "తాళం తీసి లోపలికొచ్చారు, అంతే."