టోర్కిల్ గారు నిలబడిన చోటు

స్వెన్‌బోర్ పట్టణంలో సర్వే ఉద్యోగం చేసి విరమించిన టోర్కిల్ బ్రాన్‌స్ట్రప్ గారు తన ముందుగదిపై సాగించిన దండయాత్ర పదకొండేళ్ళు నడిచింది. శత్రువు ప్రతిధ్వని. హేతువు ఒక రికార్డు: నలభై ఏళ్ళ కిందట తమ చర్చి గాయకబృందం పాడినది. అందులోని మంద్రస్వరం తనదేనని ఆయన ప్రతి అతిథికీ ప్రకటించేవారు. కాని గోడలు అన్ని గొంతులనూ కలిపి గంజి కాచేయడంతో అది విడిగా ఆయనకు సైతం వినపడిన పాపాన పోలేదు. చచ్చేలోగా ఒక్కసారి వినాలి. ఆయన కోరిక అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం తుది ఘట్టం. టోర్కిల్ గారు కుర్చీలో ఆసీనులై ఉండగా, భార్య రాగ్నిల్ అద్దం పట్టుకుని గోడ వెంట జరుగుతోంది. కుర్చీలోంచి చూస్తే అద్దంలో స్పీకరు కనిపించిన చోటే ధ్వని గోడకు తగిలి మళ్ళుతుందని శాస్త్రం. అక్కడ ధ్వనిని మింగే ఉన్నిపలక బిగించాలి.

"ఇంకాస్త ఎడమకి."

"ఇంకాస్త ఎడమకి జరిగితే పక్కింటివాళ్ళ వంటింట్లో తేలతాను," అందావిడ.

చివరి పలక ఎక్కింది. సూది దిగింది.

గది మాయమైంది. ఎడమన స్త్రీలు, కుడిన పురుషులు, వేలు పెట్టి చూపగలిగినంత స్పష్టంగా వరుసకట్టారు. అదిగో ముక్కుతో పాడే ఎగన్; అదిగో చరణం చరణానికీ బుసకొట్టే విలాస్. వాళ్ళిద్దరి మధ్యనే టోర్కిల్ గారు నిలబడేవారు. ఆ చోట ఒక మనిషి పట్టేంత మేర పరిశుద్ధమైన నిశ్శబ్దం.

ఆయన సూది ఎత్తి మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. పలక వంకరేమోనని గొణిగారు.

"పలక బాగానే ఉంది," అంది రాగ్నిల్, అద్దం కింద పెట్టి. "నువ్వు కొలతలకి ఊరెళ్ళిన గురువారం మాచేత మళ్ళీ పాడించారు. రికార్డైంది అదే."

"ఎందుకని?"

"నీ శ్రుతి కలవక."

బృందమంతా నోరు కుట్టుకుందట. పాడించిన పెద్దాయన ఆ రహస్యాన్ని సమాధిలోకి పట్టుకుపోయారట. టోర్కిల్ గారికి అవేవీ చెవికెక్కలేదు.

"నువ్వూ పాడావా?"

"పాడాను."

రికార్డు తిరుగుతూనే ఉంది. నాలుగో చరణంలో ఆడవాళ్ళ వరుసలో ఒక గొంతు తడబడి, అర క్షణం ఆగి, అందుకుంది. వందలసార్లు విన్న పాటలో ఆయన ఆ గొంతును ఏనాడూ వెతకలేదు.

"ఆ తప్పింది ఎవరు?"

"నేనే. అలవాటు కొద్దీ నీ వైపు చూశాను. నువ్వు లేవు."

ఆయన సూదిని నాలుగో చరణం మొదటికి జరిపారు. తెరుచుకున్న నోరు ఇంకా మూతపడలేదు.

"పాడకు," అంది రాగ్నిల్.