బిడారు అట్టలు

ధర్మవరం నేతగాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆ సెలవు పూట మిగతా మగవాళ్ళంతా పేకాటకో సినిమాకో పోతే, ఓబమ్మ ఇంటి వాకిట్లో మాత్రం బల్ల చుట్టూ ఒక వింత ఆట జరిగేది. ఎండిన సీమలో ఒక బిడారు ఎడ్లబండ్లతో కంబళ్ళు, ఉప్పు వేసుకొని నీళ్ళున్న ఊరు వెతుక్కుంటూ పోతుంటుంది. ఆడేవాళ్ళు తలా ఒక వేషం కట్టి ఆ మనిషిలాగే మాట్లాడాలి. దారిలో ఏముందో ఓబమ్మ చెబుతుంది. గండం వస్తే గవ్వలు వేస్తారు. అంతే ఆట. రెండేళ్ళయినా ఆ బిడారు ఊరు చేరలేదు, చేరాలని ఎవరికీ తొందర కూడా లేదు.

ఈ ఆటను బెంగళూరు ట్రైనింగులో నేర్చుకొని వచ్చినవాడు లెక్కల అయ్యవారు యేసన్న. మొదట కథ చెప్పే పని ఆయనదే. పాపం, పులి వచ్చిందన్నా హాజరుపట్టీ చదివినట్టే చెప్పేవాడు. మూడో అమావాస్యకు ఓబమ్మకు ఓపిక నశించి, నువ్వు పసరువైద్యుడి వేషం కట్టుకో అయ్యోరా, కథ నేను చెబుతానంది. ఆయన బతుకుజీవుడా అనుకున్నాడు.

బిడారు దొర వేషం ఆమె బావ పెద్దన్నది. దొర ముందు నడిచే కావలివాడు ఆమె మొగుడు చౌడప్ప. ఈ అన్నదమ్ములిద్దరూ అయిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. తండ్రి పోయాక మగ్గాలు పంచుకునేటప్పుడు, కిటికీ పక్క మగ్గం ఎవరిదనే దగ్గర మాట పెరిగింది. మధ్యలో గోడ లేచింది. యేసన్న తెలియక ఇద్దరినీ ఆటకు పిలిచాడు. ఇద్దరూ వచ్చి కూర్చున్నారు, ముందు లేచిపోవడం నామోషీ అని ఇద్దరూ లేవలేదు. "కావలోడా, ముందు పోయి దావ సూసి రా" అన్నాడు దొర. "అట్లే దొరా" అన్నాడు కావలివాడు. ఆ రెండు ముక్కలకే ఓబమ్మ గుండె జల్లుమంది. నెలకొక పూట, వేషాలు కట్టుకొని అయినా సరే, ఆ ఇద్దరి నోట ఒకరికొకరు మాట వస్తున్నది. ఈ ఆట ఆగితే ఆ మాటా ఆగిపోతుంది. ఆమె భయమంతా అదే.

ఆగేంత పని ఒకసారి అయింది కూడా. కథ పెద్దదయ్యేసరికి ఎన్ని నీళ్ళ తిత్తులు మిగిలాయో, ఏ ఎద్దు కుంటుతున్నదో ఓబమ్మ తలలో నిలవడం మానేసింది. తిత్తులు రెండే అన్నాడు దొర, మూడు అన్నాడు కావలివాడు. మొగుడి పక్షం పట్టిందని బావ, బావకు భయపడిందని మొగుడు, ఇద్దరూ ఆమె మీదనే పడ్డారు. యేసన్న నోటుబుక్కులో రాస్తానన్నాడు. ఓబమ్మకు చదువు రాదు, అయ్యవారి రాత అయ్యవారికే తెలియదు. ఆ మాట అక్కడే పోయింది.

తర్వాత యేసన్న చూపు బడికి కొత్తగా వచ్చిన కంప్యూటర్ మీద పడింది. మూడు వారాలు కూర్చొని ప్రోగ్రాము రాసి, ఒక ఆదివారం అందరినీ తీసుకుపోయాడు. ఆ కాలంలో ప్రోగ్రాము క్యాసెట్టులో ఉండేది, టేపురికార్డరు కీచుమని పావుగంట అరిచాక టీవీలో అక్షరాలు లేచాయి, అన్నీ ఇంగ్లీషే. గవ్వలు కూడా అదే వేసుకుంటుందట. పెద్దన్న ఆ పెట్టె వెనక్కి వంగి చూసి, లోపల ఎవడు ఎట్లా వేస్తున్నాడో మనకేం తెలుసని గొణిగాడు. అంతలో కరెంటు పోయింది. వచ్చాక తిత్తులు ఎన్నని అడిగితే, ఆ కంప్యూటర్ మహాతల్లికి బిడారు సంగతే గుర్తులేదు. యేసన్న ముఖం చూసి ఓబమ్మకు నవ్వూ జాలీ రెండూ వచ్చాయి.

ఇంటికొచ్చి ఆమె తన పని ముందు కూర్చుంది. ఆమె పని జకార్డు అట్టలు కొట్టి కుట్టడం. చిల్లులు పొడిచిన అట్టలను వరసగా దారంతో కుట్టి, ఆ కుట్టను మగ్గం మీద వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ చిల్లులే చెబుతాయి. నెమలి కూడా చిల్లులే, మామిడిపిందె కూడా చిల్లులే. అలాంటప్పుడు నీళ్ళ తిత్తి ఎందుకు కాకూడదు? తిత్తికొక చిల్లు, కుంటి ఎద్దుకొక చిల్లు. తిత్తి అయిపోతే ఆ చిల్లు మీద కాగితం ముక్క అంటించడమే. కరెంటుతో పని లేదు, అక్షరాలతో పని లేదు. అన్నదమ్ములిద్దరూ పుట్టిన నాటి నుంచి అట్టల కింద పెరిగినవాళ్ళు, కళ్ళు మూసుకొని వేలితో తడిమి చదువుతారు. తర్వాతి అమావాస్యకు అట్ట బల్ల మీద పెడితే పెద్దన్న తడిమాడు, చౌడప్ప తడిమాడు. ఇద్దరికీ లెక్క ఒకటే వచ్చింది. కంప్యూటర్ ఓడిందని యేసన్నే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆటగాళ్ళు చూడకూడని అట్టలు కూడా ఉన్నాయి. ముందు దారిలో ఏముందో చెప్పేవి, అవి ఓబమ్మవి. చోటుకొక అట్ట, పై వరసలో ఆ చోటి గుర్తు, గండముంటే నడిమి వరసలో దాని గుర్తు, ఆ గండం లోకి ఎవరెవరు పోతారో కింది వరసలో మనిషికొక చిల్లు. ఆ చోటు దాటాక అట్టను అందరికీ చూపిస్తుంది కాబట్టి గుర్తులు అందరికీ తెలిసినవే. రాబోయే అమావాస్యకు ఆమె కనుమ అట్ట కొట్టింది. కనుమలో చిరుత ఉంది. కావలివాడు ఒంటిగా పోతే పోయినట్టే, దొర కూడా వెంట నడిస్తే ఇద్దరూ బయటపడతారు. అట్లా కావలివాడిదీ దొరదీ రెండు చిల్లులూ కొట్టి చాలాసేపు చూసింది. బావ ఎప్పుడైనా వెంట నడిచే మనిషా? జరగని దానికి చిల్లు ఎందుకనుకొని, మనసొప్పకపోయినా దొర చిల్లు మీద గంజితో కాగితం అంటించింది. దాన్ని మిగతా దారి అట్టలతో కలిపి కుట్టి, గంజి ఆరాలని ఆ కుట్టను వాకిటి మేకుకు తగిలించింది.

పొరపాటంతా ఆ మేకు దగ్గరే. పెద్దన్న తన అట్టలు ఆమెతోనే కుట్టించుకుంటాడు, అంత నీటుగా కుట్టేవాళ్ళు ఆ వీధిలో లేరు. కానీ తమ్ముడి గడప తొక్కడు కాబట్టి ఆమె కుట్టినవి ఆ మేకుకే తగిలిస్తుంది, ఆయన వచ్చి పలక్కుండా తీసుకుపోతాడు. ఆ మధ్యాహ్నం ఆమె బయటికొచ్చి చూస్తే పెద్దన్న కోసం కుట్టిన కొత్త అంచు అట్టలు మేకుకే ఉన్నాయి. బిడారు అట్టలు లేవు.

గోడ అవతల మగ్గం ఆడుతున్నది. ఒక్క మాట అడిగి తీసుకొని ఉంటే ఈ గతి పట్టేదా అని బావ మీద ఒళ్ళు మండింది. పోయి చెబుదామంటే భయం. తప్పుడు అట్టలతో నేస్తే పట్టుచీర, జరీ అంచు పాడే. కావాలనే చేసిందంటాడు, ఆట గీట కట్టిపెట్టమంటాడు. అప్పుడే మగ్గం ఆగింది. ఎంతసేపటికీ మళ్ళీ కదల్లేదు.

పెద్దన్న అట్టల కుట్ట చేతబట్టుకొని వచ్చాడు. మేకు దగ్గర ఆగలేదు. గడప దాటి లోపలికొచ్చి, మగ్గం గుంతలో కూర్చొని నేస్తున్న తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె చౌడప్ప చేతిలో ఆగిపోయింది. ఓబమ్మ తిట్లకు సిద్ధమై గోడకు ఆనుకుంది.

"చౌడా" అన్నాడు పెద్దన్న. అయిదేళ్ళ తర్వాత, వేషం లేకుండా. "అమాస పొద్దు ఆ కనుమలోకి ఒంటిగా పోవాకురా. ఆడ చిరుత ఉండాది."

చౌడప్ప తల ఎత్తాడు. "నీకెట్ల తెలుసన్నా?"

"బెత్తెడు నేసినాక అంచు తప్పుగా ఉండాదని అట్ట ఇప్పి సూసినా. నీ చిల్లు ఒకటే ఉండాది." ఆయన ఓబమ్మ వైపు తిరిగి కుట్ట చాచాడు. "నా చిల్లు మూసినావు కదమ్మా. పెరుకు దాన్ని. నేను గూడా పోతా."

ఆట నియమం ప్రకారం ఇది పచ్చి మోసం. దాచిన అట్ట చదివి, తోటివాడికి చెప్పి, పైగా కథ మార్చమంటున్నాడు. ఇంకొకరైతే ఓబమ్మ చీపురు తీసేదే. కానీ ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల ఊపి కుట్ట అందుకుంది.

చౌడప్ప గుంతలో నుంచి పైకి లేచాడు. "తప్పు నేసిన జరీ పోగులు ఒంటిచేత్తో ఇప్పితే తెగిపోతాయి" అన్నాడు నేల చూస్తూ. "పద, నేను పట్టుకుంటా." అన్న ముందు, తమ్ముడు వెనక, ఇద్దరూ అవతలి ఇంటికి పోయారు.

కాసేపటికి గోడ మీదుగా మాటలు వినిపించాయి. పోగు గట్టిగా లాగొద్దని ఒకడు, నాకు నేర్పొద్దని ఇంకొకడు, అప్పుడే గొంతులు లేస్తున్నాయి. ఓబమ్మకు హాయిగా నవ్వొచ్చింది. కనుమ అట్టను ఒళ్ళో పెట్టుకొని, ఆరీ ఆరని కాగితం ముక్కను గోటితో మెల్లగా పెరికేసింది.