మిగిలిన కట్టలు

సింగానల్లూరు సంత వాకిట లక్ష్మమ్మాళ్ ఆకుకూరలు అమ్ముతుంది. మునగాకు, పొన్నగంటి, అవిసాకు. పొద్దున నీళ్లు చల్లి పరిచిన కట్టల్లో ఒక్కటి కూడా ఇంటికని తీసిపెట్టదు. అమ్మకానికి పెట్టినదాన్ని ముందే ఇంటికి తీస్తే ఆ పూట బేరం సాగదని ఆమె అత్తకాలం నాటి కట్టడి. ఎండెక్కినాక ఎవరూ కొనక వడలిపోయినవే ఇంటి పొయ్యికి వచ్చేవి. కొడుకు ఇళంగోను వాటితోనే పెంచింది. వాడి కళ్ల చురుకు చూడండని కొనేవాళ్లతో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ ఇళంగో ఇప్పుడు కోయంబత్తూరు ఆస్పత్రిలో, ఐసీయూలో ఉన్నాడు. పనిచేసే లేత్ పట్టరలో, ఆ చిన్న కార్ఖానాలో, ఇనుప తురుము కాలిలో గుచ్చుకుంది. పుండు చీము పట్టి, ఆ విషం ఒళ్లంతా పాకి, బీపీ పడిపోయింది. సెప్టిక్ షాక్ అన్నారు.

డాక్టర్ మధుమిత లక్ష్మమ్మాళ్‌నూ, ఇళంగో భార్యనూ బెంచీ మీద కూచోబెట్టి తమిళంలో నిదానంగా చెప్పింది. మందులు క్రిముల్ని చంపుతాయి, కానీ ఆ పోరులో ఒంట్లోనే పుట్టే మంట గుండెనూ మూత్రపిండాలనూ కాలుస్తుంది. విటమిన్ ఏ ఆ మంటను కొంతైనా అణుస్తుందేమోనని ఇక్కడ పరీక్షిస్తున్నారు. ఇళంగో రక్తంలో అది బాగా తగ్గి ఉంది. మామూలు వైద్యం అందరికీ జరుగుతుంది. దాంతోపాటు కొందరికి ఆ సూది, కొందరికి మందు లేని ఉత్త నీళ్లు. ఎవరికి ఏది పడుతుందో చీటీ తీసినట్టే, డాక్టర్లకూ తెలియదు. మేలు చేస్తుందని మాట ఇవ్వలేము.

కోడలు దర్శిని సంతకం పెట్టింది. ఉన్న దారి ఒక్కటీ వదలకూడదని తప్ప ఆమెకు వేరే ఆలోచన లేదు.

లక్ష్మమ్మాళ్‌కు మాత్రం ఒక్క మాటే చెవిలో నిలిచింది.

“మునగాకు అమ్మేదాని కొడుక్కి విటమిన్ లేదంట. ఊరు నవ్వదా?” అంది. కాసేపాగి, “ఊరోళ్లకంతా లేతాకు పెడితిని, నా బిడ్డకు మిగిలింది పెడితిని” అంది.

ఈ జబ్బు వస్తే ఎంత తిన్నవాళ్లకైనా అది తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా అని దర్శిని గుర్తు చేసింది. అత్త వినలేదు. మర్నాడు బేరం మొదలుకాకముందే అన్నిటికన్నా లేత కట్ట తీసి, రసం కాచి, టిఫిన్ డబ్బాలో పట్టుకొచ్చింది. గొట్టంలోంచే ఆహారం పోతుంది అవ్వా, బయటిది వద్దు అని నర్సు వెనక్కి పంపింది. ఆస్పత్రి వాకిటి కావలివాడు తంగవేల్, నాకు పెట్టకూడదా, నా కళ్లూ మసకేసినాయి అని నవ్వించబోయాడు. ఆమె మూత తియ్యనే లేదు. రసం చల్లారిపోయేదాకా డబ్బా ఒళ్లోనే పెట్టుకుని కూచుంది.

ఇళంగో మళ్లీ కళ్లు తెరవలేదు.

కర్మలయ్యి చుట్టాలు బస్సులెక్కి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం అత్త వాకిట కూచుని ఉంటే దర్శిని కాఫీ తెచ్చిచ్చింది.

“వానికి పడింది మంచి సూదేనా, ఉత్త నీళ్లా? నిన్ను అడుగుతాండాను కణ్ణూ. డాక్టరు నీకు చెప్పే ఉంటుంది.”

డాక్టరు చెప్పలేదు. పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదంది. కానీ అత్త చిక్కిపోయింది. సంతకు పోవడం మానేసింది, అన్నంలో ఆకు కనిపిస్తే పళ్లెం పక్కకు నెట్టేస్తోంది.

“మంచి సూదే అత్తా. ఉత్త నీళ్లు కాదు, పసుపుపచ్చగా ఉండె. నేను కంటితో చూస్తిని” అంది దర్శిని.

లక్ష్మమ్మాళ్ కళ్లు మూసుకుంది. భుజాలు కిందికి దిగాయి.

“అయితే లోటు తీరినాకే పోయినాడు. నా కూరాకు వల్ల కాదు.”

“కాదత్తా.”

వీధిలో ఎవరిదో మోపెడ్ పోయింది. అత్త కాఫీ మొత్తం తాగింది. ఇన్నాళ్లకు తాగింది. గ్లాసు కింద పెట్టి, మామూలు గొంతుతోనే, “మందు పడినా నిలవలేదంటే తీసుకుపోయేదే ఆలస్యమై ఉండాల. కాలు వాచింది నువ్వెప్పుడు చూస్తివి?” అని అడిగింది.

దర్శినికి ఇంకో అబద్ధం నోటికి రాలేదు. వాడు పడిపోయిన వారం ఆదివారమే చూసింది. అమ్మతో చెప్పొద్దు, బేరం కట్టేసి వచ్చి కూచుంటుంది అన్నాడాయన. పసుపు కట్టి, సాక్సు తొడిగి పనికి పంపింది. గురువారం పట్టరలో పడిపోయేదాకా ఎవరితోనూ అనలేదు. అదంతా తలొంచుకుని చెప్పింది.

లక్ష్మమ్మాళ్ కోడలి ముఖం వంక చూడలేదు.

“నాతో ఒక్క మాట అని ఉండొచ్చునే” అంది. తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి లోపలికి పోయి, కొడుకు పడుకునే చోట చాప పరిచి, అటు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచి ఆమె మళ్లీ సంతకు పోసాగింది. కోడల్ని ఎప్పుడూ ఒక్క మాటా అనలేదు. ఇళంగో పేరు మాత్రం దర్శిని ముందు మళ్లీ ఎత్తలేదు.