తప్పు నా పేరు మీద రాయండి

చొక్కా కఫ్ మీద ఇస్త్రీపెట్టె నొక్కుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "ముందు కాలర్ చెయ్యాలి, ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఒక్కటీ కాల్చలేదు. అయినా రోజూ ఒకసారి వచ్చి చూసి వెళ్తారు.

ఈరోజు ఆయనకు సన్మానం. పార్సిల్ కంపెనీలో ఆయన కింద పనిచేసేవాళ్లు ఈ ఏడాది ఎవరూ ఊహించనంత చేసి చూపించారట. మనుషుల చేత అంత పని ఎలా చేయించారో వేదికెక్కి చెప్పాలి. ఆ ప్రసంగం నేనే రాశాను. ఆయన ప్రసంగాలన్నీ నేనే రాస్తాను. "దాని చదువు అందుకైనా పనికొచ్చింది," అంటారు అత్తగారు, మెచ్చుకోలుగానే.

నాకూ ఈరోజు ఒక గడువుంది. వీధి చివరి కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం ఇస్తామన్నారు. పన్నెండు గంటల్లోగా వస్తానో రానో చెప్పాలి. వారం క్రితం ఆయనతో అంటే, "నీకు చేతకాదని కాదు. ఏదైనా పొరపాటు జరిగితే తట్టుకోలేవు. అసలే కంగారు మనిషివి," అన్నారు. "అవును, ఆ కుళాయి సంగతి మర్చిపోయావా?" అని అత్తగారు అందుకున్నారు. పదకొండేళ్ల క్రితం, నీళ్లు రాని వేళ తిప్పిన కుళాయి కట్టెయ్యడం మరిచి బజారుకెళ్లాను. తిరిగొచ్చేసరికి హాల్లో చెప్పులు తేలుతున్నాయి. ఆ కథ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు అందుతుంది. "మా ఆవిడకి ఇంట్లోనే ఈతకొలను కావాలట," అని ఆయన ముగిస్తారు. కప్పులు తీస్తూ నేనూ నవ్వుతాను.

ఆయన చెడ్డవారు కాదు. బ్యాంకుకు వెళ్తుంటే ఏం అడగాలో చీటీ రాసిస్తారు. బయటికెళ్తే మూడుసార్లు ఫోన్ చేస్తారు: గ్యాస్ కట్టేశావా, తాళం లాగి చూశావా, ఎక్కడున్నావు. చీటీ లేకుండా ఎన్ని పనులు చక్కబెట్టినా, అత్తగారిని ఆసుపత్రిలో చేర్చి పదిహేను రోజులు ఒక్కదాన్నే చూసుకున్నా, మర్నాటికి అది మామూలు పనుల్లో కలిసిపోయేది. చీటీ మాత్రం ఆగేది కాదు. కొందరికి పాట రానట్టు ఈయనకు మనిషిని నమ్మడం రాదు, అంతే, అని సర్దుకున్నాను. రాని పని చెయ్యలేదని ఎవరి మీద కోపం తెచ్చుకుంటాం?

పదింటికి ఆయన్ని తీసుకెళ్లడానికి కంపెనీ కొత్త డిపో చూసుకునే అమ్మాయి కారులో వచ్చింది. ఆయన స్నానాల గదిలో ఉన్నారు. మంచినీళ్లిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"మీరు అదృష్టవంతులు మేడమ్. సార్ లాంటి మనిషితో ఉంటున్నారు."

"అలాగా?" అన్నాను.

"చేరిన నెలలోనే ఒక లారీ సరుకు వేరే ఊరికి పంపేశాను మేడమ్. మొత్తం లారీ! ఉద్యోగం పోయిందని ఏడుస్తూ కూర్చున్నా. సార్ వచ్చారు. ఒక్క మాట అనలేదు. 'తప్పు నా పేరు మీద రాయండి, పని మాత్రం మీరే చెయ్యండి,' అన్నారు. తర్వాత రెండు వారాలు ఫోన్ కూడా చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

"నేనూ అడిగా. 'ఊరికే ఫోన్ చేస్తే నమ్మలేదనుకుంటారు కదా,' అన్నారు. ఆ లారీ సంగతి ఇప్పటిదాకా ఎవరి ముందూ ఎత్తలేదు మేడమ్. అలాంటాయన కోసం ఎంతైనా చేస్తాం కదా?"

తప్పు నా పేరు మీద రాయండి. మూడేళ్ల క్రితం ఆయన ప్రసంగంలో నేను రాసిన వాక్యం అది. ఎవరైనా నాతో అంటే బాగుండునని రాసుకున్నది. వేదిక మీద చదివేసి మర్చిపోయి ఉంటారనుకున్నాను. మర్చిపోలేదు. నేర్చుకున్నారు. శ్రద్ధగా, అర్థం చేసుకుని, ఫోన్ చెయ్యకుండా ఉండటంతో సహా.

ఆమె చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకున్నాను. మనిషిని నమ్మడం ఆయనకు రాదనుకున్నంత కాలం నాకొక ఇల్లుండేది.

ఆయన బయటికొచ్చారు. "ఏమిటి, మా ఆవిడ బుర్ర తింటున్నారా?"

"మీ గురించే సార్."

నవ్వారు. ప్రసంగం కాగితాలు జేబులో పెట్టుకుని నా వైపు తిరిగి, "పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోకు," అన్నారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

కారు వెళ్లాక లైబ్రరీకి ఫోన్ చేశాను.

"ఇంట్లో ఒప్పుకున్నారా అండీ?" అన్నారు లైబ్రేరియన్.

"లేదండీ. సోమవారం వస్తాను."

ఫోన్ పెట్టేశాను. సంతోషం వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు. ఇన్నేళ్లూ నేను ఎదురుచూసింది ఉద్యోగం కోసం కాదు.