అడ్డం వచ్చింది

ఆఫీసులో ఆయనకి తప్పుల మాస్టారని పేరు. బడిలో పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, మోటార్‌సైకిల్ మీంచి ఎవరైనా పడితే ఆ పడటంలో తప్పెవరిదో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆయన పనిచేసే బీమా కంపెనీ బండ్లు నడిపేవాళ్ళ కోసం ఒక పాలసీ పెట్టింది. ఎవరి తప్పూ లేకుండా జరిగిన ప్రమాదమైతే చాలు, కోర్టూ కచేరీ లేకుండా ఆస్పత్రి ఖర్చు వెంటనే భరిస్తుంది. నూనె ఒలికిన చోట జారినా, గాలికి కొమ్మ విరిగి మీద పడినా, దిక్కూమొక్కూ లేని జంతువేదో అడ్డం వచ్చినా సరే. అలాకాక ఎవరిదో ఒకరిది తప్పని తేలిందా, ఆ కేసు వేరే దారి పట్టాలి. ఆ దారి పట్టినవాటిలో కొన్ని మనవడి పెళ్ళి నాటికి గానీ తేలవు.

"పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. ఆ తర్వాత ఊరి మీద పడి ఎవరెవరి తప్పులో వెతుకుతారు. ఆ రెండో పని దేవుడిది కదండీ? ఆయన పని మీకెందుకు?" అని ఇంట్లో భార్య ఎగతాళి చేసేది.

ఆయన నవ్వేసేవాడు గానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకునేది. ఎవరి తప్పూ లేని ప్రమాదం నిజంగా ఉంటుందా? ఉంటే మరి అది ఎవరు చేసినట్టు? దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఈ ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చేది. పెద్దాయన్ని అలా నిలదీస్తే బాగుండదని మింగేసేవాడు.

ఆ రోజు ఆయన చూడాల్సినవాడు కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్. ఆస్పత్రి వార్డులో కిటికీ పక్క మంచం. ఎడమకాలు మోకాలి కింద నుంచి ఇనుప చట్రంలో బిగించి ఉంది. ఎల్లుండిలోగా రెండో ఆపరేషన్ జరగకపోతే పాదం తీసెయ్యక తప్పదని డాక్టరు తేల్చి చెప్పాడు. కంపెనీ సరేననే దాకా ఆస్పత్రివాళ్ళు ఆ ఆపరేషన్ మొదలుపెట్టరు. మెకానిక్ పని కూర్చుని చేసేదే అయినా, ఇంటింటికీ తిరగాలి, బండి నడపాలి. గేరు వేసే కాలు అదే.

అతని భార్య మందుల కోసం కిందికెళ్ళింది. స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉంది. నొప్పికి వేసిన సూది మత్తులో మెకానిక్ కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి.

"ఎలా జరిగింది బాబూ?" అన్నాడు మాస్టారు.

"అడ్డం వచ్చింది సార్. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద పురుగు లేదు. మలుపు తిరిగానో లేదో, ఎదురుగా నిలబడి ఉంది. తప్పించబోయి పడ్డా."

"ఊళ్ళో ఉన్నవన్నీ మా అల్లుడికే అడ్డం రావాలి!" అంది అత్తగారు. "మెల్లగా పోవయ్యా అంటే వింటేనా? ఆ మలుపులో ఎప్పుడూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుందని మా వీధిలో అందరూ అనుకుంటూనే ఉన్నారు."

మాస్టారికి కొత్తేమీ కాదు. ఆయన సర్వీసులో అడ్డం వచ్చినవన్నీ కుక్కలే, కాదంటే ఆవులు.

"ఎంత ఉంటుంది?"

మెకానిక్ చెయ్యి మంచం పక్కన నడుమెత్తున లేచింది. "ఇంత ఉంటుంది."

కాస్త పెద్దదే, అనుకున్నాడు మాస్టారు. "నల్లదా, తెల్లదా?"

"తెల్లగానే ఉంది సార్."

"అరిచిందా?"

"లేదు సార్. నోరు విప్పలేదు. పడ్డాక మెల్లగా వచ్చి నా తల దగ్గర కూర్చుంది. కింద రోడ్డు పెనంలా కాలుతోంది సార్, అది ఆనుకున్న చోట మాత్రం చల్లగా ఉంది. ఐసుముక్క పెట్టినట్టు."

కుక్క ముక్కు చల్లగానే ఉంటుంది మరి. మాస్టారు తల ఊపి, ప్రతి కేసులోనూ ఆఖర్న అడిగే ప్రశ్న మామూలుగా అడిగాడు. ఎదుటివాళ్ళు అనుమానపడకుండా నిజం చెప్పేసే ప్రశ్న అది. "మెడలో ఏమైనా ఉందా?"

"గొలుసుంది సార్. సన్నది."

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. గొలుసుందంటే పెంపుడుది. పెంపుడుదైతే యజమాని ఉంటాడు. కట్టేసుకోకుండా రోడ్డు మీదికి వదిలినందుకు తప్పు అతనిదవుతుంది. అంటే ఈ పాలసీ వర్తించదు. మెకానిక్ ఆ గొలుసు మాట చెప్పి ఉండకపోతే ఎంత బాగుండేది!

బయట వరండాలో మెకానిక్ భార్య ఎదురొచ్చింది, చేతిలో మందుల సంచీ. "బాబాయిగారూ, ఒప్పుకుంటారు కదా?" అంది. తెలియనివాళ్ళని కూడా చుట్టరికం కలిపేస్తుంది కష్టం. "చూద్దాం తల్లీ" అని తప్పించుకున్నాడు.

ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు. ఆ గొలుసు మాట విననట్టు ఊరుకుంటే పోయేది. కానీ విన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో విన్నది విననట్టు నటించిన రోజు లేదు. ఒకవేళ గొలుసు తెంపుకుని పారిపోయిన దిక్కులేని కుక్కేమో. యజమాని లేడని తేలితే అబద్ధమాడకుండానే ఆ కాలు నిలబడుతుంది. ఆ ఆశతోనే మర్నాడు పొద్దెక్కాక స్కూటరు తీసి ఆ మలుపు దగ్గరికి వెళ్ళాడు.

మూతపడిన గోడౌన్ల గోడల మధ్య నుంచి పోయే రోడ్డు. ఎండ నిలువునా కాస్తోంది. మనుషుల మాట దేవుడెరుగు, కాకి కూడా లేదు. మాస్టారు బండి పక్కన ఆపి, అలవాటు కొద్దీ రోడ్డు మీద టైర్ల గుర్తులు చూశాడు. చూసి, ఇంకోసారి వంగి చూశాడు.

బ్రేకులు వేసిన నల్లటి చారలు కొత్తవీ పాతవీ కలిపి బోలెడున్నాయి. వాగులో రాయి ఉంటే నీళ్ళు రెండు పాయలైనట్టు, అవన్నీ ఒకే చోట విడిపోయి అటొకటీ ఇటొకటీ పోయాయి. నడుమ శుభ్రమైన జాగా మిగిలింది. ఒక మనిషి నిలబడేంత జాగా. కుక్క ఎక్కడైనా రోజూ అంగుళం జరక్కుండా ఒకే చోట నిలబడుతుందా? ఆయన వీపు మీద చెమట ఉన్నట్టుండి చల్లబడింది.

మలుపుకి అవతల రేకుల పంక్చరు షాపు ఒకటి కనిపించింది. దాని ముందు ముక్కాలిపీట మీద ఒక బక్కపలచని మనిషి కూర్చుని, నీళ్ళ తొట్టెలో ట్యూబు ముంచి తిప్పుతూ గాలి బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తున్నాడు.

"చూడు బాబూ, ఈ రోడ్డు మీద ఒకటి తిరుగుతుంటుందట కదా. తెల్లగా ఉంటుంది, మెడలో సన్న గొలుసుంది. ఎవరిదో తెలుసా?"

తొట్టెలో ట్యూబు తిరగడం ఆగింది.

"మా పిల్లేనండి" అన్నాడు పంక్చరు షాపతను.

ఉన్న ఒక్క ఆశా పోయింది. మాస్టారికి కోపం వచ్చింది. "మీ పిల్లయితే కట్టేసుకోవద్దుటయ్యా? ఇలా రోడ్డు మీదికి వదిలేస్తే ఎలా? అవతల ఒకాయన కాలు పోయేట్టుంది!"

"ఎలా కట్టెయ్యమంటారు సార్? పోయింది కదండీ."

"పోవడమేమిటి? మొన్న అడ్డం వచ్చిందిగా! ఎటు పోయింది?"

అతను షాపు లోపలి గోడ వైపు చూశాడు. మాస్టారూ చూశాడు. పాత టైర్ల పైన ఒక ఫొటో ఉంది. బడి బట్టల్లో ఆడపిల్ల. తెల్లటి ముఖం. మెడలో సన్న గొలుసు.

వచ్చింది, నిలబడింది, కూర్చుంది. మెకానిక్ చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే వెనుదిరిగి మాస్టారి ముఖంలోకి చూశాయి. ఆడపిల్లకీ కుక్కకీ ఒకే క్రియతో సరిపెట్టిన భాష మనది. అడిగినవాడు ఆయనే, చెప్పినవాడు నిజమే చెప్పాడు. మధ్యలో కుక్కని తెచ్చి నిలబెట్టింది ఎవరు?

"కూర్చోండి సార్" అన్నాడు షాపతను, ఒక పాత టైరు ముందుకి జరిపి. "ముందు నేనూ నమ్మలేదు. కానీ పడ్డవాళ్ళంతా అదే గొలుసు, అదే రంగు చెబుతుంటే ఏమనుకోను? వాళ్ళమ్మ రంగండి దానిది."

"ఎలా జరిగింది?" అన్నాడు మాస్టారు.

"టైరు దొర్లించుకుంటూ రోడ్డెక్కింది. మోటార్‌సైకిలాయన మెల్లగానే వస్తున్నాడు, పాపం. అందరూ వచ్చి చూసి ఎవరి తప్పూ లేదన్నారు. నేనూ లేదనే అన్నాను." అతను తడిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "దానికే ఆ మాట ఎక్కినట్టు లేదు. ఎవరి తప్పూ లేకపోతే మరి నేనెందుకు పోయానని అడుగుతోందేమో. బండాపి అడుగుదామని వస్తుంది, వాళ్ళేమో పడిపోతారు. నలుగురికి హాని చెయ్యాలని కాదండీ. దానికి చీమని తొక్కడం కూడా తెలీదు."

దానికి జవాబు మాస్టారు పొద్దున్నే దణ్ణం పెట్టుకునే ఆ పెద్దాయన దగ్గరైనా ఉందో లేదో.

అప్పుడే జేబులో ఫోను మోగింది. ఆఫీసు నుంచి పైఅధికారి. ఆయన ఫోనులో మాట్లాడితే ఫోను అక్కర్లేదని ఆఫీసులో అంటుంటారు. గొంతు అలాంటిది.

"ఏం మాస్టారూ, ఆ మిషన్ల మెకానిక్ కేసు ఏం చేశారు? ఆస్పత్రివాళ్ళు చంపుతున్నారు. అడ్డం వచ్చింది మనిషా, జంతువా?"

"మనిషైతే కాదండి" అన్నాడు మాస్టారు. అందులో అబద్ధం లేదు.

"మరింకేం. యజమాని ఉన్నాడా?"

మాస్టారు ఎదురుగా ఉన్న తండ్రిని చూశాడు. "పెంచినాయన ఉన్నాడండి. ఇప్పుడది ఆయన చేతిలో లేదు."

"అంటే వదిలించుకున్నాడన్నమాట. అయితే వీధికుక్కని రాసేస్తున్నా. ఏమంటారు?"

ఆ మాట రేకుల షెడ్డులో ఖంగున మోగింది. అవునంటే ఒక కాలు నిలబడుతుంది. కాదని జరిగింది చెబితే పిచ్చివాడంటారు, కేసు మూలపడుతుంది, డాక్టరు పెట్టిన గడువు దాటిపోతుంది. కానీ ఆ పిల్ల తండ్రి ముందు కూర్చుని ఎలా అనడం?

షాపతను అంతా విన్నాడు. తొట్టెలో నీళ్ళనే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "రాసుకోమనండి సార్. బతికున్నవాడి కాలు కదా."

"హలో! ఉన్నారా? కుక్కేనా?"

"ఊ" అన్నాడు మాస్టారు.

మాస్టారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ట్యూబు ఎప్పుడో తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు షాపతను. తొట్టెలో ఏమీ లేదు. అయినా నీళ్ళ అడుగు నుంచి ఒక గాలి బుడగ లేచింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత జలజలా ఒక వరస.

"విన్నట్టుంది" అన్నాడు తండ్రి.

"కోపం వచ్చిందంటావా?"

"ఏమో సార్. నాకూ చెప్పదు."

కాసేపటికి మెకానిక్ భార్య ఫోను చేసింది. ఏడుస్తోంది. "ఒప్పుకున్నారట బాబాయిగారూ. రేపు పొద్దున్నే ఆపరేషన్. మీ కడుపు చల్లగా ఉండాలి." మాస్టారు ఏదో అని పెట్టేసి లేచాడు. ఇంటికి పోవాలంటే మళ్ళీ ఆ మలుపు మీదుగానే పోవాలి.

"ఎక్కకండి సార్" అన్నాడు షాపతను. "నడిపించుకుంటూ పోండి. పడినా దెబ్బ తగలదు."

మలుపు దాటితే ఎత్తు. పాత స్కూటరు, మాస్టారి వయసూ పాతదే. ఆ శుభ్రమైన జాగా పక్కనుంచి పోతున్నప్పుడు ఆయన కళ్ళు నేల మీదినుంచి ఎత్తలేదు. పెదవులు మాత్రం తెలిసిన దేవుడి పేరల్లా పలుకుతున్నాయి. నాలుగు అడుగులు వేశాడో లేదో, వెనక చెప్పుల్లేని చిన్న పాదాల చప్పుడు.

ఆయన ఆగలేదు. ఆగడానికి ధైర్యం చాలలేదు. కుక్కని చేశాను, ఆడపిల్లని పట్టుకుని కుక్కని చేశాను అనుకున్నాడు. ఇప్పుడు స్కూటరు నా మీదికి తోస్తుందో, కింద పడేస్తుందో.

స్కూటరు తేలికైంది.

ఆ ఎత్తు మీద, ఆ ఎండలో, బండి దానంతటదే ముందుకి కదులుతోంది. ఆడుకునే పిల్లలు పెద్దవాళ్ళ బండిని వెనకనుంచి తోస్తారే, అలా. వెనక సీటు వైపు నుంచి చల్లదనం ఆయన నడుముకి తగులుతోంది. క్షమించమందామని నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆయన కాలు దక్కుతుందమ్మా" అన్నాడు, వెనక్కి చూడకుండా. "నువ్వు అడిగేది మాత్రం నాకూ తెలీదు."

ఎత్తు పైకి చేరాక బరువు మళ్ళీ ఆయన చేతుల్లోకి వచ్చింది. పాదాల చప్పుడు వెనుదిరిగి, పరుగున కిందికి, మలుపులోకి పోయింది.

అదే సమయానికి ఎదురుగా దూరంలో ఒక మోటార్‌సైకిల్ కనిపించింది. కుర్రాడెవరో, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, ఖాళీ రోడ్డు కదా అని జోరుగా వస్తున్నాడు. మాస్టారు స్కూటరు వదిలేశాడు. అది ఒరిగి పడింది. ఆయన రోడ్డు నడిమికి పోయి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.