ఎగువ వంతెన

మా దేశంలో జరిగిన అంతర్యుద్ధంలో పేల్చేసిన వంతెన మళ్ళీ ఎక్కడ కట్టాలో తేల్చే పని నాకు పడింది. ఘర్మ్ రోడ్డు మీద, సుర్ఖోబ్ నది దగ్గర. ఇన్నాళ్ళూ పాత చోట తాత్కాలికంగా వేసిన ఇనప వంతెనతో నెట్టుకొచ్చారు. ఇప్పుడు రెండు చోట్లున్నాయి: ఆ పాతది, లేదా ఎగువన మలుపు దగ్గర. పెద్ద తేడా లేదు. రిపోర్టులో నేను ఏది రాస్తే మా చీఫ్ దానికే సంతకం పెడతాడు. రాజధాని దుషాన్బే నుంచి ఇంత దూరం వస్తే ఆయనకి నడుం పట్టేస్తుంది.

పాత చోట గులోమ్‌షో అనే అతని టీకొట్టుంది, పెట్రోలు బంకుంది, లాడ్జి కూడా లేస్తోంది. యుద్ధంలో అక్కడే అతని చెక్‌పోస్టు ఉండేది. లారీ నడిపే మా నాన్నని అతను కిందికి దింపింది అక్కడే. నాన్న తిరిగి రాలేదు. లారీ మాత్రం చాలా ఏళ్ళు అతని బంకుకి డీజిలు మోసింది.

ఇతని ముంగిట్లోంచి రోడ్డు తీసేయాలి. మొదటి రోజే అనుకున్నాను. అలా చెయ్యాలంటే అతని రొట్టె ముట్టకూడదు. ఒకరి రొట్టె తిన్నాక వాళ్ళకి కీడు చెయ్యడం మాలో లేదు. రోజంతా కంప్యూటర్లో నేల నమూనాలు గీసే నాకూ ఈ విషయంలో అమ్మమ్మ బుద్ధులే.

అతను రోజూ తినమని పిలిచేవాడు. నేను రోజూ కడుపునొప్పి అనేదాన్ని. నా కడుపు గురించి ఊరంతా బెంగపెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం మా డ్రైవర్ హిక్మత్ అకా (అకా అంటే మాలో అన్న) వేడి రొట్టె తెచ్చాడు. ఆకలి మీదున్నాను, సగం లాగించాక అడిగాను ఎక్కడిదని. గులోమ్‌షో ఇంట్లోదట. కడుపు బాలేని పిల్లకని అతని పెళ్ళామే కాల్చి పంపిందట. హిక్మత్ అకా ముఖం వెలిగిపోతోంది, పుణ్యం చేసుకున్నట్టు. ఆయన్నేమంటాం.

సాయంత్రానికల్లా గులోమ్‌షో దిగాడు.

"మన రొట్టె తిన్నావటగా తల్లీ. ఇంక మా ఇంటిపిల్లవే. వంతెన సంగతి నేనడగను, నీకే తెలుసు."

లారీ నడిపే సైఫుల్లో అనే ఆయన గుర్తున్నాడా అనడిగాను. చాలామంది లారీవాళ్ళు వచ్చేవారమ్మా అన్నాడు, గుర్తు తెచ్చుకోడానికి అట్టే కష్టపడకుండా.

"ఆయన కూతుర్ని. ట్రిప్పు వెళ్ళినప్పుడల్లా మా అమ్మ నీకని వేరే రొట్టె కట్టిచ్చేది. నువ్వు కూర్చుని తినేవాడివి. నీ రొట్టె నేను తెలియక తిన్నాను. మాది నువ్వు తెలిసే తిన్నావు, తిన్నాకే మా నాన్నని దింపావు. రొట్టె కట్టు ముందు తెంపింది నువ్వు."

అతను నది వైపు చూశాడు. అవన్నీ యుద్ధం రోజులు, అందరూ ఎప్పుడో మర్చిపోయారు అన్నాడు.

"మంచిదే కదా. నిన్ను కూడా లారీవాళ్ళు మర్చిపోతార్లే."

ఎగువ చోటే రాశాను. కారణాలు నిజమైనవే, అక్కడ నది కాస్త ఇరుకు. చీఫ్ చదవకుండా సంతకం పెట్టాడు.

వంతెన ఎగువన లేచింది, ఇప్పుడు లాడ్జి ముందు పాత రోడ్డు మీద మేకలు పడుకుంటున్నాయి. అటుగా వెళ్ళినప్పుడల్లా హిక్మత్ అకా గులోమ్‌షోని చూసి "పాపం ముసలాడు" అంటాడు. నేను కిటికీ అద్దం దించి చూస్తాను, నాకూ పాపం అనిపిస్తుందేమోనని. ఇంతవరకూ అనిపించలేదు.