మా అత్త నాగావళి స్నానాలు

"అన్నం కుక్కరు వండుతోంది. బట్టలు మిషను ఉతుకుతోంది. పిండి గ్రైండరు రుబ్బుతోంది. ఇంక నీకు నడుం నొప్పి ఎలా వచ్చిందే?"

బియ్యం కడుగుతూ అమ్మో నడుమూ అన్నానని మా ఆయన రమణమూర్తి అడిగిన మాట ఇది. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. అదే నా బాధ. వెటకారమైతే తిరిగి ఓ మాట అనొచ్చు. ఆయన తెరుబలి ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. మిషను పక్కన మనిషి లేకపోతే మిషను ఉత్త ఇనుమని అక్కడ ఆయనకి బాగా తెలుసు. షిఫ్టు దిగి రాయగడలో మా గుమ్మం తొక్కేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో! కుక్కర్లో బియ్యం ఎవరు పోశారో, మిషన్లో తడిబట్టలు డాబా మెట్లెక్కి ఎవరు ఆరేశారో, గ్రైండరు రాయి సందుల్లో పిండి ఎవరు కడిగారో ఆయనకి పట్టదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

ఇంట్లో ఇంకో మిషను కూడా ఉండేది, కెమెరా. మా అమ్మాయి మహతి పుట్టినరోజులకని కొన్నారు. ఫోన్లొచ్చాక అది బీరువాలో నా పట్టుచీరల కింద పడుకుంది. దానితో వచ్చిన పొడుగు లెన్సుని ఆయన ఒక్కసారి కూడా బిగించలేదు. మహతి హాస్టలుకి వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు తీస్తుంటే, వెనక కాలవ గట్టున గుడ్డికొంగ ఒకటి మెడ ముడుచుకుని కూర్చుని కనబడింది. ఎందుకు బుద్ధి పుట్టిందో, కిందికి పరిగెత్తి కెమెరా తెచ్చాను. అది ఎగిరింది, నేను నొక్కాను. అంతసేపూ బురద రంగులో ఉన్న పిట్ట ఎగిరేసరికి తెల్లటి రెక్కలు విప్పింది. ఇంత తెలుపు లోపల దాచుకుని పైకి ఏమీ ఎరగనట్టు కూర్చుందా ఈ గడుగ్గాయి అని నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఏటే అమ్మి, ఒక్కర్తివీ నవ్వుతున్నావు?" అంటూ మా అత్త సింహాచలమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. చిన్న తెర మీద బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసింది.

"కంటి సుట్టూ పసుపు రాసుకున్నట్టుందే! ఇది నువ్వు తీసేవా?"

"ఊఁ."

"నువ్వే?"

"నేనే అత్తా."

సాంబారులో ఇంత ఉప్పు ఎవరేశారని అడగడమే తప్ప, బాగున్నదాన్ని చూపించి ఇది నువ్వు చేశావా అని ఆ ఇంట్లో నన్నెవరూ అడిగి ఎరగరు. అందుకే ఆ రోజు సంగతి నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

అక్కడినుంచి కొంగల పిచ్చి పట్టుకుంది. కాలవ గట్టున గుడ్డికొంగలైతే ఉన్నాయి కానీ, పెద్దవి, ఆ బూడిదరంగు నారాయణపక్షులు, నాగావళి దగ్గర తప్ప దొరకవు. అవీ పొద్దు పొడవకముందే చేపలకి దిగుతాయి. ఒక రాత్రి అన్నాలప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"తెల్లారకుండా ఆడమనిషి ఒక్కర్తీ కెమెరా పట్టుకుని ఏటి ఒడ్డుకి వెళ్తే నలుగురూ ఏటనుకుంటారు? అయినా టిఫిను ఎవరు చేస్తారు?" అన్నారాయన.

మొదటి ప్రశ్న నలుగురి కోసం. రెండోది అసలు ప్రశ్న. నేను పెరుగు వడ్డించాను.

మర్నాడు మా అత్త కొడుకుని పిలిచింది. "ఒరే బాబూ, ఈ కార్తీకం నెలంతా నాగావళిలో తానాలు సేస్తానని మొక్కుకున్నాను. మోకాళ్ళు నా మాటినవు కదా, కోడల్ని తోడంపు."

జన్మలో కార్తీక స్నానం చేసిన మనిషి కాదు మా అత్త. నీళ్ళంటే భయం, చలంటే అంతకంటే భయం. దేవుడి పనికి మా ఆయన అడ్డు చెబుతారా! ఆ నెలంతా ఆయన ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఇడ్లీ తిన్నారు. టిఫిను ఎవరు చేస్తారన్న ప్రశ్న మళ్ళీ రాలేదు. దేవుడి పేరు చెప్పేసరికి దానికి జవాబు దానంతటదే దొరికింది.

ఇక మా తీర్థయాత్ర ఎలా సాగేదంటే, ఇద్దరం చీకటితో ఆటో ఎక్కేవాళ్ళం. ఒడ్డున బండరాయి మీద అత్త శాలువా కప్పుకుని కూర్చుని, నెత్తిన మూడు చుక్కల నీళ్ళు జల్లుకుని, "గోవిందా, అయిపోనాది, ఇంక నువ్వెల్లు" అనేది. నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. సూర్యుడు వీపు వెనక ఉండాలని, కొంగ కన్ను తేటగా రావాలని, మెడ మీద తెలుపు మాడిపోకుండా వెలుగు కాస్త తగ్గించాలని, నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలని తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. బట్టలుతికే ఒడియా ఆడవాళ్ళు "కొణొ దేఖుచొ మా?" అని అడిగేవారు. ఏం చూస్తున్నానో వేలితో చూపిస్తే "బగొ!" అని కొంగ పేరు పలికి నవ్వి, కాసేపు బట్టలు బాదడం ఆపేవారు. చిరాకు పడ్డవాళ్ళు ఒక్కరు లేరు. ఆ నలుగురూ ఏటనుకుంటారో అని మా ఆయన బెంగపెట్టుకున్నది వీళ్ళ గురించేనా అనుకుని నవ్వుకునేదాన్ని.

"అత్తా, దేవుడి పేరు చెప్పి అబద్ధమాడుతున్నాం. పాపం కాదూ?" అని ఒకనాడు అడిగాను.

"ఏటి అబద్దం? ఏటికొచ్చేను, నీళ్ళు జల్లుకున్నాను, నారాయణపక్షిని సూసేను. అంతకన్నా ఏటి కావాలి?" అంది. "మీ మామ నన్ను ఒక్కపాలి కూడా ఎక్కడికెల్తన్నావే అని అడగనేదమ్మి. ఎందుకడుగుతాడు? నానెక్కడికీ ఎల్తేనే కదా! నిన్నయినా ఎవులో ఒకలు అడగనీ" అంది.

నేను కెమెరా కళ్ళకి ఆనించుకున్నాను. అంతా మసగ్గా ఉంది. తప్పు లెన్సుది కాదు.

కార్తీకం అయింది. అత్త మార్గశిరానికి ఇంకో మొక్కు మొక్కింది. తర్వాత ధనుర్మాసమంది. ఆ తర్వాత మాఘస్నానమంది. "అమ్మా, ఇన్ని స్నానాలు ఏ పురాణంలో ఉన్నాయే?" అని మా ఆయన తల గోక్కుంటే, "నువ్వు సదివేవేటి, నాను సెప్పడానికి?" అని నోరు మూయించింది. ఈలోగా అవతలి ఒడ్డు మద్దిచెట్టు మీద నారాయణపక్షుల జంట గూడు కట్టింది. మగది పుల్లలు తెచ్చేది, ఆడది అందుకుని పేర్చేది. ఆ బొమ్మ చూసి మా ఆయన "చూసేవా, పిట్టల్లోనూ మగాడే తేవాలి" అని మురిసిపోయారు. గుడ్లు పెట్టాక ఇద్దరూ వంతులేసుకుని పొదుగుతారని నేను చెప్పేలోపు ఆయన ఫోను చూసుకుంటున్నారు. నాకు కావలసిన ఫొటో అదే. ఒకటి వచ్చి గూటి అంచున వాలడం, రెండోది లేచి వెళ్ళడం, రెండూ ఒకే బొమ్మలో పడాలి. ఎప్పుడూ కొమ్మ అడ్డం వచ్చేది, లేదా మంచు కమ్మేసేది.

పుల్ల అందించుకుంటున్న ఆ బొమ్మనే ఆయన ఫ్యాక్టరీ గ్రూపులో పెట్టారు. అందరూ మెచ్చుకున్నారు. ఎవరో ఫోను చేస్తే, "మా కెమెరా మంచిదండీ, ఫొటో అదే తీసేస్తుంది, మనం బటన్ నొక్కడమే" అన్నారు. నేను పక్క గదిలో దుప్పట్లు మడత పెడుతున్నాను. కుక్కరు, మిషను, గ్రైండరు, ఇప్పుడు కెమెరా. అన్నీ అవే చేస్తుంటే ఈ ఇంట్లో నేనెవర్ని? చలితో వేళ్ళు కొంకర్లు పోతే చంకలో పెట్టుకుని వేడి చేసుకున్నది ఎవరు? దుప్పటి మడత మూడుసార్లు తప్పింది.

మాఘం సగంలో అత్తకి దగ్గు పట్టుకుంది. మంచులో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఆయన హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంక స్నానాలు బంద్. రేపట్నుంచి నీకూ అక్కడ పని లేదు కదా, ఇంట్లోనే టిఫిను చేసేయ్."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకొద్ది రోజుల్లో పిల్లలు బయటికొస్తే వంతుల పొదుగు అయిపోతుంది. ఆ ఫొటో పోతే పోయె. పొద్దున్న అనేది నాకొకటి ఉండేది, అదీ పోతోంది. చీకటితో లేచి అత్త మంచం దగ్గరికి వెళ్ళాను. మేలుకునే ఉంది.

"అత్తా, ఏమని చెప్పి వెళ్ళను?"

"నా పేరు సెప్పకు, దేవుడి పేరూ సెప్పకు" అంది దగ్గుతూ. "నీకు నోరు నేదా అమ్మి?"

హాల్లో చెప్పులేసుకుంటుంటే మా ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చారు.

"అమ్మ పడుకునుంది కదా. ఎక్కడికి?"

అడిగారత్తా, అడిగారు!

"కొంగల్ని ఫొటో తియ్యడానికి వెళ్తున్నానండీ."

"మరి టిఫినో?"

"కుక్కరుంది, గ్రైండరుంది. అన్నీ అవే చేసేస్తాయి కదా, వాటికి చెప్పండి."

తలుపు దగ్గరికి వేసి ఆటో కోసం రోడ్డెక్కాను. భయం వేసింది, అబద్ధమెందుకు. అబద్ధాలు చెప్పి వెళ్ళిన రోజుల్లో ఇంత భయం వెయ్యలేదు.

ఆ రోజు మంచు తొందరగా విడిచింది. బండరాయి ఖాళీగా ఉంది. మగది నీళ్ళ మీదుగా వచ్చి గూటి అంచున వాలింది, మెడ చాచింది. ఆడది లేచి, ఒళ్ళు విదిల్చి, రెక్కలు విప్పింది. ఎక్కడికని అది అడగలేదు, ఇది చెప్పలేదు. అది గుడ్ల మీద కూర్చుంది, ఇది ఎగిరిపోయింది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

ఇంటికొచ్చేసరికి మాడు వాసన. ఉప్మా ఉండలు కట్టింది, ఉప్పు చాల్లేదు, అడుగంటింది. ఆయన ప్లేటు నా ముందు పెట్టి, గిన్నె తోముకోడానికి వంటింట్లోకి వెళ్ళారు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఒకరు చేసిపెట్టిన టిఫిను నేను తినడం అదే మొదటిసారి. ఉండలన్నీ తినేశాను. కృతజ్ఞత చెప్పొద్దూ, "బాగుందండీ" అని ఆయనకి చెప్పాను. ఆ ఒక్క అబద్ధానికి మా అత్త మంచం మీంచే నవ్వింది.

తర్వాత అత్త మంచం మీద కూర్చుని బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చాలాసేపు చూసింది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగేదాకా ఆగి, అక్కడికి వినబడేట్టు గట్టిగా అడిగింది.

"ఎంత బాగుందే అమ్మి! ఏ కెమెరా తీసింది?"

"కెమెరా కాదత్తా. నేను తీశాను."